దేముడమ్మ పెట్టిన వాత

మహేశ్వరి ముఖం మీద మచ్చ సంగతి మహేశ్వరి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆమె తల్లి దేముడమ్మ ఉంది. బస్సులో పక్క సీటు ఆవిడకీ, రేషన్ క్యూలో ముందు నిలబడ్డ ముసలాయనకీ, ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికి కూడా తనే చెప్పేస్తుంది. ఎవరూ అడగనక్కర్లేదు. ఎదుటి మనిషి చూపు కూతురి ఎడమ కణత మీద ఒక్క క్షణం ఆగితే చాలు, దేముడమ్మ పైట సర్దుకుని మొదలుపెడుతుంది. ముప్పై మూడేళ్లుగా అదే కథ. ఒక్క మాట అటూ ఇటూ కాదు.

దేముడమ్మకి తొలి కాన్పులో మగబిడ్డ. తొమ్మిదో నెలలో వాడికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, కళ్లు తేలేశాడు. భీమిలి నుంచి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్తుంటే బస్సులోనే, తల్లి ఒళ్లోనే పోయాడు. రెండేళ్లకి మహేశ్వరి పుట్టింది. దానికీ ఏడో నెలలో అదే జ్వరం, అవే ఫిట్స్. మొగుడు నూకాలు సముద్రం మీద వేటకి వెళ్లి ఉన్నాడు. ఈసారి దేముడమ్మ బస్సు కోసం చూడలేదు. పసుపు కొమ్ము దీపం మీద ఎర్రగా కాల్చి, బిడ్డ తలని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కణత మీద వాత పెట్టింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఫిట్స్ ఆగిపోయాయి. మళ్లీ రాలేదు. "నాను ఆ వాత ఎట్టకపోతే ఈ గుంట బతికేది నేదు" అన్నది ఆ కథకి ఆఖరి మాట. వినేవాళ్లు నిట్టూర్చి, ఆమెని మెచ్చుకోవాలో మహేశ్వరిని చూసి జాలిపడాలో తెలియక, రెండూ కాస్త కాస్త చేసేవారు.

ఆ తర్వాత పేటలో ఏ పిల్లకి ఫిట్స్ వచ్చినా దేముడమ్మ గుమ్మంలోకే తెచ్చేవారు. ఆమె చేయి మంచిదని పేరు పడింది. అంగన్‌వాడీ వాళ్లు కేకలేయడం మొదలుపెట్టాక మానేసింది గానీ, మానేసినందుకు లోపల చిన్నతనంగానే ఉండేది. నూకాలు పోయాడు. నడుం నొప్పితో ఎండుచేపల బేరం మానుకుని కూతురింట్లో చేరింది. ఇల్లు కూతురిది, వంట కూతురిది, పెత్తనం అల్లుడు వాసుది కూడా కాదు, అతను పోర్టులో ట్రైలర్ నడుపుకుంటూ ఇంటికి రావడమే తక్కువ. ఇక దేముడమ్మకంటూ మిగిలింది ఆ ఒక్క వాతే.

వాత మానింది గానీ మచ్చ ఊరుకోలేదు. చిన్నప్పుడు చింతగింజంత ఉండేది. ఈడొచ్చాక పొంగి చిక్కుడుకాయంత అయింది. మహేశ్వరికి కూతురు హిమబిందు పుట్టాక చెవి ముందు నుంచి చెంప మీదకి దిగింది. ఎర్రగా, నున్నగా, ముట్టుకుంటే గట్టిగా ఉండేది. అంచుల్లో దురద, నడుమ మాత్రం ఏమీ తెలిసేది కాదు. అక్కడ చీమ పాకినా మహేశ్వరికి తెలియదు. అదొక సుఖమే అనుకునేది.

ఆమె పని భీమిలి రోడ్డులో ఒక రొయ్యల ఫ్యాక్టరీలో. ఇరవై ఏళ్లప్పుడు గ్రేడింగ్ టేబుల్ దగ్గర చేరింది. ఐసు నీళ్లలో చేతులు ముంచి, రొయ్యల్ని సైజు ప్రకారం వేరు చేయడం. గంట గడిచేసరికి వేళ్లు తనవి కావు. కానీ ఆ హాల్లో అందరికీ తల మీద టోపీ, ముఖానికి మాస్కు, ఒంటి మీద తెల్లకోటు. కళ్లు తప్ప ఏమీ కనపడవు. కరోనా వచ్చి లోకమంతా రెండేళ్లపాటు మాస్కు పెట్టుకోలేక గింజుకుంటే, ఆమె మాత్రం అమ్మయ్య అనుకుంది. ఆ రెండేళ్లలో ఇంటి నుంచి ఫ్యాక్టరీకీ, ఫ్యాక్టరీ నుంచి సంతకీ తిరిగినా దేముడమ్మ కథ చెప్పాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

పనిమంతురాలు కాబట్టి సూపర్‌వైజర్ అయింది. జీతం పరిమితి దాటి ఈఎస్ఐ కార్డు పోయింది, కంపెనీ చేయించిన ఇన్సూరెన్స్ కార్డు వచ్చింది. పోయిన జనవరిలో ఆమెని హాల్లోంచి ఆఫీసులోకి మార్చారు. లారీలు తెచ్చే రైతులతో, సరుకు కొనే కంపెనీల మనుషులతో మాట్లాడాలి. అద్దాల గది, మాస్కు లేదు. మనుషులు ఆమెతో మాట్లాడుతూ మచ్చతో మాట్లాడేవారు. ఆమెకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. అలిసిపోయింది, అంతే. ఒకరోజు పర్మిషన్ పెట్టి, సిటీలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి, ప్లాస్టిక్ సర్జన్ అర్జునరావు ముందు కూర్చుంది.

డాక్టరు బల్ల లైటు వేసి చూశాడు. కోసి తీసేయొచ్చు, మళ్లీ పొంగకుండా ఇంజెక్షన్లు, రేడియేషన్ ఉంటాయి, మొత్తం లక్షా అరవై వేలు అన్నాడు. ప్రాణానికొచ్చిన ముప్పేం లేదు గనక ఇన్సూరెన్స్ వాళ్ల లెక్కలో ఇది అందం కోసం చేయించుకునే ఆపరేషన్. అందానికి వాళ్లు పైసా ఇవ్వరు. ఒక్క దారి ఉంది. ప్రమాదంలో కాలిన మచ్చయితే ఇస్తారు. "ఎలా కాలింది?" అని అడిగాడు.

మహేశ్వరి చెప్పింది. డాక్టరు కలం కింద పెట్టి కళ్లజోడు తుడుచుకున్నాడు. వాత అని రాస్తే ఎవరో కావాలని కాల్చినట్టవుతుంది, అలా రాయకండి, పసిపిల్లప్పుడు వేడి నూనె పడిందని రాయించండి, ఎవరడుగుతారు అన్నాడు. ఆ మాట అన్నంత తేలిగ్గానే తర్వాతి పేషెంటుని పిలిచాడు.

కింద ఇన్సూరెన్స్ కౌంటరులో గురునాథరావనే పెద్దమనిషి ఉన్నాడు. రోజుకి వందమందికి 'రాదండి' అని చెప్పి చెప్పి ఆయన ముఖం చెక్కబల్లలా తయారైంది. వేడి నూనె పడిందని ఫారం నింపి పంపాడు. వారానికి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ప్రశ్న వచ్చింది: కాలినప్పటి ఆసుపత్రి కాగితాలు ఏవి? ముప్పై మూడేళ్ల కిందటి కాగితాలు ఎక్కడ తెస్తారు. అయితే అప్పుడు దగ్గరున్న మనిషితో ఫోన్‌లో మాట్లాడతాం, నంబరివ్వండి అన్నారు. దగ్గరున్న మనిషి ఒక్కర్తే.

ఆ వారమంతా మహేశ్వరి తల్లికి పాఠం చెప్పింది. బూరెలు వేస్తుంటే మూకుడు ఒరిగింది, నూనె చింది పిల్ల కణత మీద పడింది. అంతే, ఇంకేం చెప్పనక్కర్లేదు. లక్షా అరవై వేలు వస్తాయి. దేముడమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది. ఊ అంది. ఒక్కసారి కూడా ఆ మాట తిరిగి అప్పజెప్పలేదు. అర్థమైందా అంటే, అర్థం కాకపోడానికి అదేమైనా ఇంగ్లీషా అని విసుక్కుంది.

మహేశ్వరికి భయం వేరే ఉంది, ఈ విచారణలో ఎవరైనా తల్లికి అసలు సంగతి చెప్పేస్తారేమోనని. అది ఎవరికీ చెప్పుకోలేనిది. ఎనిమిదేళ్ల కిందట హిమబిందుకి పదకొండో నెలలో జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. దేముడమ్మ ఆ రోజు చందనోత్సవానికి సింహాచలం వెళ్లి క్యూలో ఉంది. మహేశ్వరి బిడ్డని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. అక్కడికి చేరేలోపే ఫిట్స్ ఆగిపోయాయి. పిల్లల డాక్టరు బిడ్డని తడిగుడ్డతో తుడిచి, ఇవి జ్వరం ఫిట్సమ్మా, చాలామంది పిల్లలకి వస్తాయి, వాటంతటవే పోతాయి, భయం లేదు అన్నాడు. హిమబిందుకి మళ్లీ రాలేదు. అంటే తనకీ వాటంతటవే పోయి ఉండేవి. మహేశ్వరి ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఆ సంగతి తెలుసుకుంది. తన ముఖం తడుముకుంది, ఏమీ తెలియలేదు. సాయంత్రం దేముడమ్మ ప్రసాదంతో వచ్చి పిల్లకేమైందంటే, కొంచెం ఒళ్లు వెచ్చబడింది, తగ్గిపోయింది అంది. ఫిట్స్ సంగతి భర్తకి కూడా చెప్పలేదు. ఆమెకి ఆ రోజు తల్లి మీద కోపం రావాలి. రాలేదు. తనకి కోపం వచ్చే చోటు కూడా మొద్దుబారిపోయిందేమో అనుకుంది.

ఆదివారం పదిగంటలకి ఫోన్ వచ్చింది. మహేశ్వరి స్పీకరు పెట్టి తల్లి ముందు పెట్టింది. హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి, గొంతు మర్యాదగా ఉంది. కూతురు నేర్పిన పాఠం దేముడమ్మ చక్కగానే మొదలుపెట్టింది. బూరెలంది, మూకుడంది, నూనె పడిందంది. మహేశ్వరి ఊపిరి పీల్చుకుంది. అప్పుడు ఆ అమ్మాయి కాగితంలో ఉన్న తర్వాతి ప్రశ్న చదివింది. ఆ టైములో పాపని ఎవరు చూసుకుంటున్నారు? నేనే అంది దేముడమ్మ. మీరు పక్కనే ఉండి కూడా పాప మీద నూనె పడిందా అమ్మా? ఆ అమ్మాయి తప్పుపట్టలేదు, ఫారంలో గడికి టిక్కు పెట్టుకోడానికి అడిగింది. కానీ దేముడమ్మ వెన్ను నిటారుగా అయింది. మహేశ్వరి ఫోన్ అందుకోబోయింది. తల్లి ఆమె చేతిని పక్కకి తోసింది.

"నూనె నేదు, ఏటీ నేదు. నా సేత్తో నానే ఎట్టినాను. పసుపుకొమ్ము కాల్సి వాతెట్టినాను."

"అంటే, కావాలనే పెట్టారా అమ్మా?"

"కావాలనే. పేనం నిలబెట్టడానికి ఎట్టినాను. ఒక బిడ్డని ఊరికే సూత్తా కూకుని పోగొట్టుకున్నాను. రెండోదాన్ని పోగొట్టుకోనేదు."

అమ్మాయి థాంక్యూ అమ్మా అని పెట్టేసింది. దేముడమ్మ ముఖం వెలిగిపోతోంది. ఇన్నాళ్లకి హైదరాబాదు దాకా తన సంగతి తెలిసింది. కూతురి వైపు తిరిగి "బాగా సెప్పినానా?" అని అడిగింది.

"బాగానే సెప్పినావు" అంది మహేశ్వరి.

నాలుగో రోజున మెసేజ్ వచ్చింది. ఆ మచ్చ ప్రమాదంలో అయింది కాదు, ఆపరేషన్ అందం కోసం, క్లెయిము కుదరదు. మహేశ్వరి ఆఫీసు గదిలో నిలబడి చదివింది. ఎదురుగా ఒక రైతు తన సరుకు సైజు తక్కువ కట్టారని పోట్లాడుతున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని అతని లెక్క సరిచేసింది. సాయంత్రం దాకా పని చేసింది. ఏమైనా అనిపిస్తుందేమోనని మధ్యమధ్యలో తనని తనే గమనించుకుంది. ఏమీ లేదు, ఐసులోంచి తీసిన వేళ్లకి ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంట్లో తల్లి డబ్బులేమయ్యాయని అడిగితే, ఇలాంటి ఆపరేషన్లకి ఎవరికీ ఇవ్వరట అని చెప్పింది. దేముడమ్మ ఇన్సూరెన్స్ వాళ్లని నానా మాటలూ అని ఊరుకుంది.

గురునాథరావు అప్పీలు పెట్టమన్నాడు. దానికి మళ్లీ తల్లి వాంగ్మూలం కావాలి, నోటరీ ముందు, నూనె అని. మహేశ్వరి వద్దంది. పీఎఫ్‌లో కొంత తీసింది, వాసు తన ఓనరు దగ్గర కొంత తెచ్చాడు. ఎవరి కోసమూ కాదు, ఆ మచ్చని ఇక మోయబుద్ధి కాక. అడ్వాన్సు కట్టే రోజున దేముడమ్మ నేనూ వస్తానంది. తన కూతుర్ని కోసే చోటు చూడొద్దా అంది. మహేశ్వరి రెండు సాకులు చెప్పి చూసింది. కుదరలేదు.

డాక్టరు అర్జునరావు చెడ్డవాడు కాదు. కానీ రెండు నెలల కాగితాల పని బూడిదలో పోసిన పన్నీరయ్యాక ఆ ముసలావిడ ఎదురుగా వచ్చి కూర్చుంటే నోరు ఊరుకోలేదు. పైగా దేముడమ్మ కుర్చీలో కుదురుకోగానే తన కథ మొదలుపెట్టింది. ఆయన సగంలో ఆపేశాడు. జ్వరం ఫిట్స్ గురించి చెప్పాడు. వందలో తొంభైమందికి పైగా పిల్లలకి ఏమీ కాదని, వాటంతటవే పోతాయని, మీరు వాత పెట్టినా పెట్టకపోయినా ఈమె బతికేదేనని చెప్పాడు. నెమ్మదిగానే చెప్పాడు. అర్థం కాలేదేమోనని ఇంకోసారి చెప్పాడు. మహేశ్వరి బల్ల మీద ఉన్న ఇంజెక్షను కంపెనీ కేలండరు చూస్తూ కూర్చుంది. ఎనిమిదేళ్లు దాచిన మాట ఎవరో వచ్చి రెండు నిమిషాల్లో చెప్పేశారు.

దేముడమ్మ వాదించలేదు. ఒక్కటే అడిగింది. "మరి ముందోడు?"

అది మెదడువాపు అయి ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు, చూడకుండా ఎవరు చెప్పగలరు అన్నాడు డాక్టరు. ఆయన గొంతు మెత్తబడింది గానీ అప్పటికే ఆలస్యమైంది. దేముడమ్మ లేచి నిలబడి ఆయనకి దండం పెట్టింది.

భీమిలి బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. బస్సు రుషికొండ దాటింది. పక్కన నిలబడ్డ ఒకావిడ మహేశ్వరి చెంప వైపే చూస్తోంది. దేముడమ్మ అది చూసి కూడా నోరు విప్పలేదు.

"నీకు తెల్సా?" అంది చివరికి, బయటికి చూస్తూనే.

"తెల్సు."

"ఎప్పట్నుంచి?"

మహేశ్వరి ఇక దాచలేదు. హిమబిందుకి ఫిట్స్ వచ్చిన సంగతి, ఆటో సంగతి, తడిగుడ్డ సంగతి చెప్పింది. దేముడమ్మ ఆ రోజు తను తెచ్చిన ప్రసాదం ఎవరెవరు తిన్నారో గుర్తు తెచ్చుకుంటున్నట్టుగా కాసేపు పెదాలు కదిపింది. తర్వాత మరెవరెవరి పిల్లలకి వాతలు పెట్టిందో వాళ్ల పేర్లు వరసగా అనుకుంది. వరహాలు కొడుకు. చిట్టమ్మ మనవరాలు. ఇంకా నాలుగు పేర్లయ్యాక ఆగిపోయింది.

"ఆ పిల్లకి ఫోన్ సెయ్యి" అంది.

"ఏ పిల్లకి?"

"ఐదరాబాదు పిల్లకి. నాను మాటాడతాను."

అయిపోయిందమ్మా, వాళ్లు ఫైలు మూసేశారు, మనం డబ్బు కట్టేశాం అంది మహేశ్వరి. మూస్తే మళ్లీ తెరమను అంది దేముడమ్మ. ఆమె గొంతులో ఇంతకు ముందెప్పుడూ లేని బతిమాలుడు ఉంది. మహేశ్వరి ఫోన్ తీసి ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉన్న నంబరు నొక్కింది. అటు నుంచి మెషీన్ గొంతు పలికింది. తెలుగుకి ఇది నొక్కండి, ఇంగ్లీషుకి అది నొక్కండి అని వల్లిస్తోంది. అది మెషీనని చెప్పేలోపే దేముడమ్మ ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకుంది.

"అమ్మా, నాను బీమిలి దేముడమ్మని. ఆయాల నీకు అబద్దం సెప్పినాను. వాత నేదు, ఏటీ నేదు. పిల్లని నేల మీద వొగ్గీసి పక్కింటోలితో కబుర్లాడతన్నాను. నూనె పడిపోనాది. నాను సూసుకోనేదమ్మా. ఏడుత్తున్నా సూసుకోనేదు. తప్పు నాదే. మా పిల్ల డబ్బులు మా పిల్లకి ఇచ్చీయండి."

బస్సులో రెండు మూడు తలలు తిరిగాయి. మెషీన్ గొంతు మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మహేశ్వరికి అది సన్నగా వినపడుతూనే ఉంది. అక్కడ మనిషెవరూ లేరని చెప్పాలనుకుంది, చెప్పలేదు. ఇన్నేళ్లు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. నువ్వే బతికించినావు, ఆ మాటే ఉండనీ, ఇది వద్దు అని అరవాలనిపించింది.

దేముడమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేసి, పైట చెంగుతో నోరు తుడుచుకుంది.

"రాసుకున్నాదా?" అని అడిగింది.

"రాసుకుంది" అంది మహేశ్వరి.